అత్తగారి పెనం మీద రంగుల అట్లు

ఆ ఆదివారం పొద్దున సిల్వాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి అత్తగారు వస్తుంది. వేడివేడిగా క్రేప్ అట్లు పోసి పెట్టాలి. ఆవిడ కడుపునిండా తిని, మూతి తుడుచుకుని, "సరే అల్లుడూ, పెనం మీ ఇంట్లోనే ఉంచుకో" అనాలి. అంతే. ఇంత చిన్న పనికి రేవంతా గోల లేస్తుందనీ, ఒక పడవని పిట్టలు పీక్కుతింటాయనీ, తన భోజనాల బల్ల మీద రెండు దేశాల జెండాలు ఎగురుతాయనీ పాపం అతను కలలో కూడా అనుకోలేదు.

పెనం అంటే అలాంటిలాంటి పెనం కాదు. బ్రిటనీ తీరాన ఆ గిల్వినెక్ రేవులో అత్తగారి, అంటే స్వాజిగ్ గారి, పెనం గురించి తెలియని ఇల్లు లేదు. మూడు కాళ్ల మీద నిలబడే గుండ్రటి పోతఇనుప పెనం. వాళ్లమ్మ చేతి నుంచి వచ్చింది. ఇన్నేళ్లుగా వెన్న తాగి తాగి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. దానికి నీళ్లు తగలకూడదు, దాని ముందు సబ్బు పేరు ఎత్తకూడదు. ఇప్పుడు ఆవిడకి ఎనభై దాటాయి. మణికట్లు పట్టేస్తున్నాయి. అందుకని పెనాన్ని ఇద్దరు కూతుళ్లలో ఒకరి ఇంటికి ఇచ్చేద్దామనుకుని, ఎవరికివ్వాలో తేల్చడానికి ఓ పరీక్ష పెట్టింది. పోయిన ఆదివారం పెద్దకూతురు ఆర్మెల్ ఇంట్లో అట్లు తిన్నది. ఈ ఆదివారం, సరిగ్గా అట్ల పండగ నాడు, చిన్నకూతురు రోజెన్ ఇంట్లో తినాలి. పెనం ముందురోజు సాయంత్రమే పాత దుప్పట్లో చుట్టుకుని పెళ్లికూతురిలా రోజెన్ వంటింట్లో దిగింది.

రోజెన్ ఇంట్లో అట్లు పోసేది రోజెన్ కాదు. ఆమె పోస్తే అట్టు ఒకవైపు పచ్చి, రెండోవైపు బొగ్గు. పోసేది మొగుడు సిల్వాన్. అక్కడే వచ్చింది చిక్కంతా. సిల్వాన్ బ్రిటనీ వాడు కాదు, నార్మండీ వాడు. నార్మండీ పక్కనే ఉంటుంది. పక్కనే ఉంటే మాత్రం? బ్రిటనీ వాళ్ల లెక్కలో నార్మండీ వాళ్లకి రెండు జబ్బులున్నాయి. ఒకటి, ఉప్పులేని వెన్న తింటారు. రెండు, ఏమడిగినా అవుననీ అనరు, కాదనీ అనరు. రెండో జబ్బు సిల్వాన్‌కి నిజంగానే ఉంది. పెళ్లినాడు చర్చిలో ఫాదరు గారు "ఈ పిల్లని చేసుకోవడం నీకు సమ్మతమేనా" అనడిగితే, "వద్దని ఎలా అంటానండీ" అన్నాడు. ఫాదరు గారు ఇంకోసారి అడగాల్సి వచ్చింది. ముందు వరసలో కూర్చున్న స్వాజిగ్ గారు అది విన్నది, మరిచిపోలేదు.

"ఉప్పు తినే మనిషైతే కదా, ఒక మాట మీద నిలబడేది!" అనేది ఆవిడ, పండగకీ పబ్బానికీ, ఉప్పు వెన్న గిన్నె అతని వైపు జరుపుతూ. అల్లుడికి ఏ లోటూ చెయ్యలేదు. చేపల్లో పెద్ద ముక్క అతనికే వేసేది. కానీ ఇరవై రెండేళ్లలో ఒక్కసారైనా పెనం ముట్టుకోనివ్వలేదు. చెయ్యి చాపితే చాలు, అట్లకాడతో వేళ్ల మీద ఒకటి వేసేది. ఆ పెనం తన పొయ్యి మీదకి వస్తే ఇక తను ఆ ఇంట్లో పరాయివాడు కాదని సిల్వాన్ ఆశ. ఆ ఆశ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే అవుననో కాదనో అనాల్సి వస్తుంది.

అట్లు పోసి పెట్టడంతోనే సరిపోతే గొడవే ఉండేది కాదు. మధ్యలో డాక్టరమ్మ దిగింది. స్వాజిగ్ గారు ఆ మధ్య చేపల బజారులో కళ్లు తిరిగి కూలబడితే, పరీక్షలు చేసి, ఒంట్లో రక్తం లేదు, ఆకుకూరలూ బీట్‌రూట్లూ తినాలని చెప్పింది.

"ఆకులు కుందేళ్లు తింటాయి," అన్నది స్వాజిగ్ గారు. "నేను కుందేళ్లని తింటాను. సరిపోయింది కదా?"

అప్పట్నుంచీ పళ్లెంలో ఆకుపచ్చది ఏది కనిపించినా ఆవిడ చేత్తో ఏరి అవతల పెట్టేది. అప్పుడు రోజెన్‌కి ఒక ఆలోచన వచ్చింది.

"అమ్మ అట్లు కాదనదు. మనం ఆ అట్లలోనే కూరలు కలిపేద్దాం," అన్నది శనివారం సాయంత్రం. "పాలకూర రసంతో ఆకుపచ్చ అట్టు, బీట్‌రూట్‌తో గులాబీ అట్టు, ఎర్ర క్యాబేజీతో ఊదా రంగు అట్టు. అడిగితే పండగ కదా, రంగులు వేశాం అందాం."

"అందులో ఏముందని అడిగితే?"

"నువ్వే చెప్పాలి. అవుననకుండా కాదనకుండా మాట్లాడటంలో నిన్ను మించిన వాడెవడు?"

పెళ్లయిన ఇన్నేళ్లకి ఆ జబ్బుకి ఇంట్లో ఒక ఉపయోగం దొరికిందని సిల్వాన్ సంతోషించాడు. కూరలు ఉడికించి, నలిపి, వడగట్టి, నాలుగు గాజు జాడీల్లో నాలుగు పిండ్లు కలిపాడు. మూడు రంగులవి, ఒకటి మామూలు తెల్లది. అన్నీ రంగులే అయితే అత్తగారికి అనుమానం వస్తుందని ఆ తెల్లది. వెన్న కరిగించబోతూ మాత్రం ఒక్క క్షణం ఆగాడు. ఫ్రిజ్‌లో వెనక మూలన, ఆవాల పచ్చడి సీసా చాటున, తన సొంత వెన్న ఉంటుంది. అమ్మ ఊరి నుంచి వచ్చే చప్పటి వెన్న. చిన్నప్పట్నుంచీ అతని అట్లన్నీ దాంతోనే. చెయ్యి దాని మీదకి వెళ్లింది. కానీ పొయ్యి మీదున్న పెనం తననే చూస్తున్నట్టు అనిపించింది. నిట్టూర్చి, ఉప్పు వెన్న తీసి, కరిగించి, నాలుగు జాడీల్లోనూ సమానంగా పోశాడు. జాడీలు వెనకగదిలో చల్లటి అరుగు మీద పెట్టి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున లేచి ఊదా జాడీ మూత తీస్తే గుప్పున క్యాబేజీ కంపు. అత్తగారు గుమ్మంలోనే పట్టేస్తుంది. సిల్వాన్‌కి వాళ్లమ్మ చిట్కా గుర్తొచ్చింది. క్యాబేజీ కంపు పోవాలంటే చిటికెడు వంటసోడా. చిటికెడు వేశాడు, ఇంకా కంపే. ఇంకో చిటికెడు వేశాడు. ఆ మీద కంగారులో ఒక చెంచా వేశాడు. కంపు పోయింది. దాంతోపాటు ఊదా రంగూ పోయింది. చూస్తుండగానే పిండంతా చక్కటి నీలం అయిపోయింది.

"రోజెన్! పిండి నీలమైపోయింది!"

"ఎంత నీలం?" అన్నది రోజెన్ స్నానాలగది లోంచి.

"మన రేవు పోలీసుల నీలం చొక్కా అంత."

"నిమ్మరసం పిండి చూడు!"

ఒక చెంచాడు పిండి పళ్లెంలో వేసి నిమ్మచుక్క పిండాడు. ఆ చెంచాడు గులాబీ రంగుకి తిరిగింది. గులాబీ ఇప్పటికే బీట్‌రూట్‌ది ఉంది, మళ్లీ ఇదెందుకు? పైగా నిమ్మరసం పడితే పాలు విరిగి పిండి పాడైపోతే? నీలమే ఉండనీ, సముద్రపొడ్డున ఉన్నాం కదా, నీలం తప్పేముంది అనుకున్నాడు. పెనం వేడెక్కింది. వెన్నలో ముంచిన గుడ్డతో ఒకసారి తుడిచి, గరిటెడు పిండి పోసి, పిండి పరిచే కర్రతో గుండ్రంగా తిప్పాడు. అట్టు వచ్చింది. అంచులు సన్నగా, నడుమ మెత్తగా, ఆకాశం ముక్కలా వచ్చింది. సిల్వాన్‌కి కళ్లు చెమర్చాయి.

సరిగ్గా ఆ సమయానికే పక్కింటి ఫాంచ్ పెరట్లోకి వచ్చాడు. ఫాంచ్ ఒకప్పుడు సముద్రం మీద వేటకెళ్లేవాడు, ఇప్పుడు ఒడ్డున కూర్చుని తన చిన్న పడవకి సేవ చేస్తుంటాడు. క్రిస్మస్ నుంచీ వాన వెలుస్తుందేమో, పడవకి రంగు వేద్దామని ఎదురు చూస్తున్నాడు. ఆ పొద్దున వాన లేదు. అదే అతని కొంప ముంచింది.

"రోజెనమ్మా! శరదృతువులో మీ ఇంట్లో దాచిన నా రంగు జాడీ ఏదే?" అని కేకేశాడు ముక్కుతో. చలికాలం మొత్తం అతనికి ఒకటే జలుబు.

"వెనకగదిలో ఉంది బాబాయ్! ఆకుపచ్చది! నువ్వే తీసుకో, నేను తల మీద నీళ్లు పోసుకున్నాను!" అన్నది రోజెన్ కిటికీ లోంచి.

వెనకగదిలో ఫాంచ్ రంగు జాడీ పై అరలో, పాత వలల వెనక ఉంది. అరుగు మీద కళ్లెదుటే ఉన్నది పాలకూర పిండి జాడీ. కళ్లెదుట ఉన్నది వదిలేసి నిచ్చెన ఎక్కేవాడెవడు? ఫాంచ్ దాన్ని చంకలో పెట్టుకుని ఈల వేసుకుంటూ రేవుకి పోయాడు.

సిల్వాన్‌కి ఇదేమీ తెలియదు. నీలం అట్లు ఒక దొంతి పోశాడు. తెల్లవి ఒక దొంతి పోశాడు. బీట్‌రూట్‌వి పోస్తే, ఇనుము వేడికో ఏమో, గులాబీ కాస్తా ముదురు ఎరుపైంది. ఇక ఆకుపచ్చవి పోద్దామని వెనకగదికి వెళ్తే అరుగు ఖాళీ.

"పాలకూర ఏదీ?"

"ఏ పాలకూర?" అన్నది రోజెన్ తల తుడుచుకుంటూ. మరుక్షణం తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. "అయ్యో, ఫాంచ్ బాబాయ్..."

ఆమె మాట పూర్తి కాలేదు. వీధి గుమ్మంలో గంట మోగింది. సిల్వాన్ చేతికందిన పళ్లేలు చేతికందినట్టు బల్ల మీద పెట్టేసి తలుపు తియ్యడానికి పరిగెత్తాడు.

స్వాజిగ్ గారు లోపలికి వచ్చింది. వెనకాలే కారు తాళాలు ఆడించుకుంటూ ఆర్మెల్ వచ్చింది. తల్లిని దింపి వెళ్లిపోతానని చెప్పి వచ్చిన మనిషి, కోటు విప్పి కొక్కేనికి తగిలించింది.

"వాసన బాగానే ఉందే అల్లుడూ," అన్నది అత్తగారు. సిల్వాన్ గుండె తేలికపడింది. ఆవిడ పెనం దగ్గరికి వెళ్లి, వంగి, నాలుగువైపులా చూసింది. "నీళ్లు తగల్లేదు కదా?"

"తగిలితే నేను బతికి ఉంటానా అత్తయ్యా."

"అదిగో, మళ్లీ! లేదు అని ఒక్క మాట అనొచ్చుగా!" అని నవ్వింది. నవ్వుతూనే బల్ల వైపు తిరిగింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆర్మెల్ గొంతు సవరించుకుంది. "అమ్మా, నాకొక్కదానికే అలా కనిపిస్తోందా, లేక నీక్కూడానా? నీలం. తెలుపు. ఎరుపు. అదే వరసలో!"

సిల్వాన్ బల్ల వైపు చూసి గతుక్కుమన్నాడు. నీలం పళ్లెం, తెల్ల పళ్లెం, ఎర్ర పళ్లెం. పొద్దున్నే అత్తగారి ముందు పారిస్ ప్రభుత్వం వారి జెండా నిలువునా పరిచి పెట్టాడు. అదీ ఎలాంటి మనిషి ముందు? ఏడాది పొడుగునా కిటికీకి బ్రిటనీ నలుపు తెలుపు జెండా వేలాడదీసే మనిషి ముందు. ఆ ప్రభుత్వం వారి తపాలా బిళ్లని కూడా తలకిందులుగా అంటించే మనిషి ముందు.

"ఇది కావాలనే చేశావా?" అన్నది స్వాజిగ్ గారు, చాలా నెమ్మదిగా.

సిల్వాన్ నోరు తెరిచాడు. కాదు అంటే, మరి ఈ రంగులు ఎక్కడివి, ఎందుకు వేశావు అని అడుగుతుంది. అప్పుడు కూరలు బయటపడతాయి. అవును అంటే ఇక చెప్పేదేముంది, పుట్టి మునిగినట్టే.

"అవునని అనలేను అత్తయ్యా," అంటూ నీళ్లు నమిలాడు. "అలాగని కాదని కూడా..."

ఆవిడ అగ్గి మీద గుగ్గిలమైంది.

"నా చిన్నప్పుడు బడిలో మన బ్రిటనీ భాషలో ఒక్క మాట అన్నానని మెడలో కట్టెచెప్పు వేలాడదీసి, ఈ జెండా కిందే నిలబెట్టారు. సాయంత్రందాకా. ఏడేళ్ల దాన్ని. ఏమన్నానో తెలుసా? దాహమేస్తోంది అన్నాను! ఇన్నేళ్ల తర్వాత పండగ పూట నా పెనం మీదే ఆ జెండా వండి నాకు పెడతావా? నిన్ను కొడుకులా చూశానే!"

ఆ చివరి మాట సిల్వాన్‌కి సూదిలా గుచ్చుకుంది. కొడుకులా చూసిందని ఇరవై రెండేళ్లలో ఇదే వినడం. వినాల్సిన మాట వినకూడని పూట విన్నాడు.

"అమ్మా, అలా కాదే," అన్నది రోజెన్, తడి జుట్టుతో మధ్యలోకి వస్తూ. "అది అనుకోకుండా..."

"నువ్వూరుకో! అక్క చెప్పేదాకా నువ్వు చూడలేదా?"

"నేను చెప్పకపోయినా అమ్మ చూసేదే," అన్నది ఆర్మెల్ చాలా వినయంగా. "మరిది గారికి రంగుల మీద మోజేమో, పాపం."

ఏదో ఒకటి చెయ్యాలి. జెండాని చెరిపెయ్యాలి. ఒక రంగు పోతే జెండా ఉండదు కదా! సిల్వాన్‌కి పొద్దుటి నిమ్మచుక్క గుర్తొచ్చింది. ఇంకేమీ ఆలోచించకుండా బల్ల మీదున్న నిమ్మచెక్క తీసుకుని నీలం అట్ల మీద బలంకొద్దీ పిండాడు. రెండో చెక్క కూడా పిండాడు. చుక్క పడిన చోటల్లా నీలం విరిగి, మచ్చలు మచ్చలుగా ఎర్రబడి, మచ్చలన్నీ కలిసిపోయి పై అట్టు మొత్తం ఎరుపెక్కింది.

స్వాజిగ్ గారు గుండెల మీద సిలువ గీసుకుంది.

"అమ్మయ్య," అన్నాడు సిల్వాన్ చెమట తుడుచుకుంటూ. "ఇప్పుడు జెండా లేదు కదా అత్తయ్యా."

ఆర్మెల్ తల పక్కకి వంచి చూసింది. "ఎరుపు, తెలుపు, ఎరుపు. ఇప్పుడిది ఆస్ట్రియా."

"ఆస్ట్రియా సంగతి తర్వాత," అన్నది స్వాజిగ్ గారు, కుర్చీ పట్టుకుని ఒక్కడుగు వెనక్కి వేసి. "అట్లు రంగు మార్చడం నేను పుట్టి ఎరగను. మా నాయనమ్మ చెప్పిన దెయ్యాల కథల్లో కూడా లేదు. ఏం కలిపావు ఇందులో? సూటిగా చెప్పు. ఏం కలిపావు?"

రోజెన్ మొగుడి వైపు చూసి కళ్లతోనే వద్దు వద్దు అన్నది. కూర అన్న మాట బయటికొస్తే తల్లి ఇక ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టదు. సిల్వాన్ రోజెన్‌ని చూశాడు, అత్తగారిని చూశాడు, పెనాన్ని చూశాడు. నుదుటి మీద చెమట ముక్కు దాకా జారింది.

"కలపలేదని అనను అత్తయ్యా. కలిపానని అంటే అది కూడా..."

"ఆర్మెల్, ఆ పెనం ఎత్తు. పోదాం పద."

ఆర్మెల్ చొక్కా చేతులు మడుచుకునే లోపు బయట ఏదో హోరు వినిపించింది. సముద్రం హోరు కాదు. వందల పిట్టలు ఒకేసారి అరుస్తున్న హోరు. దాని మధ్యలోంచి ఒక మనిషి బొంగురు గొంతు. వెనక తలుపు ధడాలున తెరుచుకుని ఫాంచ్ లోపలికి వచ్చి పడ్డాడు. టోపీ లేదు. గడ్డం ఆకుపచ్చగా ఉంది, చేతులు మోచేతుల దాకా ఆకుపచ్చగా ఉన్నాయి. చంకలో గాజు జాడీ. ఒక సముద్రపు పిట్ట అతనితోపాటు గడప దాకా వచ్చి, లోపల జనాన్ని చూసి, ఫాంచ్ మోచేతిని ఆఖరిసారి ఒక పోటు పొడిచి వెనక్కి ఎగిరిపోయింది.

"ఏం రంగు ఇచ్చారర్రా నాకు!" అన్నాడు రొప్పుతూ. "కొత్త కుంచెతో ఒకవైపంతా పూసి, ఎండుతుందిలే అని చుట్ట వెలిగించుకున్నాను. తిరిగి చూస్తే పడవ కనపడదు! అన్నీ పిట్టలే! నా పడవని తింటున్నాయి! రేవు రేవంతా నిలబడి నవ్వుతోంది. అదిలిద్దామని పోతే నన్ను కూడా తినడం మొదలెట్టాయి!"

"పూసేటప్పుడు తెలియలేదా బాబాయ్?" అన్నది రోజెన్ నీరసంగా.

"కొంచెం పల్చగా ఉందనిపించింది. ఇప్పుడంతా ప్రకృతి, ఆరోగ్యం అంటున్నారుగా, కొత్త రకం రంగేమో అనుకున్నాను. ఈ ముక్కుకి వాసన తెలిసి చస్తేగా!"

స్వాజిగ్ గారు అతని చేతిలోంచి జాడీ తీసుకుంది. సగం దాకా ఇంకా ఉంది. చూపుడువేలు ముంచి నాలిక మీద రాసుకుంది. రోజెన్ కళ్లు మూసుకుంది. ఎంతైనా అరవై ఏళ్లు అట్లు రుచి చూసిన నాలిక అది. దాని ముందు దాగేదేముంటుంది?

"గుడ్లు," అన్నది ఆవిడ. "పాలు. గోధుమపిండి, బాగా జల్లించింది." మళ్లీ వేలు ముంచింది. "పాలకూర."

ఆ ఇంట్లో పాలకూర పేరు అంత గంభీరంగా ఎప్పుడూ ఎవరూ పలకలేదు.

"అయితే ఆ ఎర్రది బీట్‌రూట్. ఆ మాయదారి నీలం?"

"ఎర్ర క్యాబేజీనే అమ్మా, సోడా పడి రంగు మారింది," అన్నది రోజెన్. ఇక దాచి లాభం లేదని ఏడుపు గొంతుతో అంతా కక్కేసింది. "నువ్వు బజారులో పడిపోయావు కదే! ఆకులు ముట్టనంటావు. నీకేమైనా అయితే నేనేమైపోవాలి? అందుకే కలపమన్నాను. జెండా కాదు ఏమీ కాదు. తప్పు నాది, ఆయనది కాదు."

స్వాజిగ్ గారు విన్నట్టు లేదు. మూడోసారి వేలు నోట్లో పెట్టుకుని, కళ్లు చిట్లించి, అక్కడే ఆగింది. అల్లుడి వైపు తిరిగింది.

"ఇందులో వేసింది ఉప్పు వెన్నా?"

సిల్వాన్ అలవాటు కొద్దీ గాలి పీల్చుకున్నాడు. కాదని చెప్పలేననే మాట నాలిక చివరి దాకా వచ్చేసింది. అత్తగారి కళ్లలోకి చూశాడు. ఆ కళ్లలో కోపం లేదు, తీర్పూ లేదు. నిజంగానే తెలుసుకోవాలన్న ఆత్రం మాత్రం ఉంది.

"అవును అత్తయ్యా," అన్నాడు.

రోజెన్ కళ్లు తెరిచింది. ఆర్మెల్ చేతిలో తాళాలు ఆడటం ఆగింది. ఆ మాట వెనక ఇంకేమైనా వస్తుందేమోనని అందరూ కాసేపు చూశారు. ఏమీ రాలేదు.

"నీ చప్పటి వెన్న ఇంట్లో లేదా?"

"ఉంది. ఆవాల పచ్చడి వెనక."

"ఉండి కూడా ఇది వేశావు."

"మీ పెనం కదా," అన్నాడు సిల్వాన్. "దాని మీద ఆ వెన్న వెయ్యాలనిపించలేదు."

స్వాజిగ్ గారు కోటు విప్పి ఆర్మెల్ చేతికిచ్చింది. పెనం దగ్గరికి వెళ్లి, అరచెయ్యి కొంచెం ఎత్తులో పెట్టి వేడి చూసింది. గుడ్డతో వెన్న రాసింది. జాడీలోంచి గరిటెడు ఆకుపచ్చ పిండి పోసి కర్ర పట్టుకుని ఒకే ఒక్క తిప్పు తిప్పింది. మణికట్టు నొప్పి ఏ మూల దాక్కుందో గానీ, అట్టు పెనం అంచు దాకా కాగితమంత పల్చగా పరుచుకుంది. అట్లకాడ దూర్చి తిరగేసి, మడిచి, నిలబడే తినేసింది. ఇంకొకటి పోసింది. అదీ తిన్నది.

"ఆకులు తినేది కుందేళ్లు కదా, స్వాజిగక్కా?" అన్నాడు ఫాంచ్, గడ్డం తుడుచుకుంటూ.

"కుందేలు తినేది ఉత్త ఆకు. ఇది వెన్న తాగిన ఆకు. నోరు మూసుకుని కూర్చో, నీకూ ఒకటి పోస్తాను. పిట్టలకంత నచ్చింది, నీకు నచ్చదా?"

ఫాంచ్ కూర్చున్నాడు. తిన్నాక మనసు మెత్తబడి, పిట్టలు పిండితోపాటు పాతరంగు పెచ్చులు కూడా పీకేశాయని, గోకే పని తప్పిందని, వచ్చే ఏడు కూడా ఒక జాడీ కలిపిపెట్టమని చెప్పాడు.

"మరి పరీక్ష సంగతి, అమ్మా?" అన్నది ఆర్మెల్. "పోయిన ఆదివారం మా ఇంట్లో అట్లు బాగున్నాయన్నావు కదా."

"బాగున్నాయి. పోయిన ఏడు చర్చి సంతలో పెట్టినవి కూడా అలాగే బాగున్నాయి. అదే గుండ్రం, అదే మందం, అదే కొట్లో కొన్న అట్ట డబ్బా వాసన. పెనం వేడెక్కింది గానీ తల్లీ, దాని మీద పిండి చుక్క పడలేదు. నాకు తెలియదనుకున్నావా?"

ఆర్మెల్ మొహం ఆ అట్లలాగే ఎరుపెక్కింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆపుకోలేక పకపకా నవ్వేశారు. ఆర్మెల్ కూర్చుని ఆస్ట్రియాలోంచి ఒక అట్టు లాక్కుని తినడం మొదలుపెట్టింది.

స్వాజిగ్ గారు నాలుగో అట్టు దగ్గర చెయ్యి విదిలించుకుంది. నొప్పి దాక్కున్న చోటు నుంచి బయటికి వచ్చినట్టుంది. కర్ర సిల్వాన్ వైపు చాపింది.

"పట్టు. అలా కాదు, పామును పట్టుకున్నట్టు బిగించకు. చేతిని కాదు, నడుముని తిప్పు. ఊఁ, పొయ్యి."

సిల్వాన్ పోశాడు. వేళ్ల మీద దెబ్బ పడుతుందేమోనని ఒకసారి తల దించాడు. పడలేదు. పెద్దావిడ చెయ్యి అతని మణికట్టు మీద ఆని, దారి చూపించి, మెల్లగా తప్పుకుంది. అట్టు కొంచెం వంకరగా వచ్చింది. ఆవిడ దాన్నే తీసుకుని తిన్నది.

వెళ్లబోయేటప్పుడు ఆర్మెల్ దుప్పటి తెచ్చి పెనం చుట్టబోతే తల్లి వారించింది.

"ఇవాళ వద్దులే, కాలుతోంది. ఈ వారం ఇక్కడే ఉండనీ. వచ్చే ఆదివారం అల్లుడే మా ఇంటికి మోసుకొస్తాడు. వస్తూ పాలకూర కూడా తెస్తాడు. ఆ నీలం మాత్రం వద్దు."

సిల్వాన్ వీధి గుమ్మం దాకా వెళ్లాడు. కారు తలుపు తీసి పట్టుకున్నాడు. అత్తగారు సర్దుకుని కూర్చునేదాకా ఆగి, ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"మరి ఆ తర్వాత పెనం మాకేనా, అత్తయ్యా?"

ఆవిడ కండువా ముడి బిగించుకుంది. రేవు వైపు చూసింది. అక్కడ ఫాంచ్ పడవ మీద ఇంకా నాలుగైదు పిట్టలు ఆశగా తిరుగుతున్నాయి.

"అవుననీ అనను, కాదనీ అనను," అన్నది.

స్వాజిగ్ గారు నార్మండీ భాష మాట్లాడటం గిల్వినెక్‌లో ఎవరైనా వినడం అదే మొదలు.